ఇంకా రాని సినిమా గురించి వాదించడం ఎలా?



ఢిల్లీలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలకు అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్ కొత్త కాదు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ జనం గుంపులుగా నిలబడి తమ వంతు కోసం ఎదురుచూస్తుంటారు. చేయడానికి వేరే పనేమీ ఉండదు కనుక మాటలు సాగుతాయి. అలా ముగ్గురు మిత్రులు నిలబడి ఉన్నారనుకుందాం. ఒకరిది గుంటూరు, ఒకరిది వరంగల్, మూడోవాడు వాళ్ల హాస్టల్ మిత్రుడు, ఘాజియాబాద్ కుర్రవాడు. ముగ్గురూ ‘హనుమాన్’ సినిమా చూశారు. ఇద్దరు తెలుగులో చూస్తే, మూడోవాడు హిందీలో చూశాడు. ఇప్పుడు దాని రెండో భాగం ‘జై హనుమాన్’ గురించి మాటలు మొదలయ్యాయి.

“రెండో భాగంలో హనుమంతుడే హీరో అయితే ఇక ఉత్కంఠ ఏముంటుందిరా? ఆయన్ని ఎవరు ఓడిస్తారు?” అన్నాడు ఒకడు. “తెలుగు సినిమాలో ఆ వేషానికి కన్నడ నటుడెందుకు?” అన్నాడు ఇంకొకడు. “అసలు దేవుణ్ణి సూపర్ హీరో అనడమేమిటి?” అన్నాడు మూడోవాడు. భోజనం ముగిసింది. ముగ్గురిలో ఎవరి అభిప్రాయమూ మారలేదు. పైగా ఇద్దరు ముఖాలు ముడుచుకుని మెట్రో ఎక్కారు.

వాళ్ల వాదన ఎక్కడ చెడింది? సినిమా వాదనే కదా అని మీరు నవ్వవచ్చు. కానీ ఇంకా జరగని విషయం గురించి వాదించడం జీవితమంతా మనకు తప్పని పని. ఫలానా కోర్సు చదివితే ఉద్యోగం వస్తుందా, ఫలానా చట్టం వల్ల మేలు జరుగుతుందా అన్నవి కూడా అలాంటి వాదనలే. సినిమా వాదనలో నేర్చుకున్న పద్ధతి వాటిలోనూ పనికివస్తుంది. ఈ పాఠంలో ఆ పద్ధతి ఏమిటో చూద్దాం.

వాదం, జల్పం, వితండం

మన దేశంలో వాదన చేయడాన్ని ఒక శాస్త్రంగానే అభ్యసించారు. గౌతముడి పేరుతో ప్రసిద్ధమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విభజించాయి. నిజం తెలుసుకోవాలనే కోరికతో ఇద్దరూ ఆధారాలు చూపుతూ చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని, అవసరమైతే మాటల్ని మెలితిప్పి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. నేటికీ మన ఇళ్లలో “వితండవాదం చేయకు” అంటారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాడితో వాదన ఎంతసేపు చేసినా నాలుగో కాలు కనబడదు.

వాదం చేయాలంటే ప్రమాణాలు కావాలి. ప్రమాణం అంటే జ్ఞానం కలిగించే సాధనం. నైయాయికులు నాలుగు ప్రమాణాలు చెప్పారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కంటితో చూసి తెలుసుకునేది ప్రత్యక్షం. తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని ఊహించేది అనుమానం. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, పొగను చూసి నిప్పు ఉందని గ్రహించడం వంటిది. పోలికతో తెలుసుకునేది ఉపమానం. నమ్మదగినవారి మాట వల్ల తెలుసుకునేది శబ్దం. ఈ నాలుగింటినీ మన ముగ్గురు మిత్రుల వాదనకు పెట్టి చూద్దాం. దానికి ముందు ఈ వాదనకు ఢిల్లీతో ఉన్న సంబంధం ఒకసారి గుర్తుచేసుకోవాలి.

సూపర్ హీరోల ఊరు

సూపర్ హీరో అనగానే మనకు అమెరికా గుర్తుకు వస్తుంది. కానీ మన దేశపు సూపర్ హీరోల చరిత్రలో ఢిల్లీకి పెద్ద స్థానమే ఉంది. నాగరాజ్ అనే హీరోను 1986లో పరిచయం చేసిన రాజ్ కామిక్స్ ఢిల్లీ సంస్థ. ఉత్తరాదిన ఒక తరం పిల్లలు ఆ పుస్తకాలను అద్దెకు తెచ్చుకుని చదివారు. 1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’ మొదలై 2005 దాకా సాగింది. కామిక్ కాన్ ఇండియా తొలి ఉత్సవం 2011 ఫిబ్రవరిలో జరిగింది కూడా ఢిల్లీ హాట్‌లోనే. ‘హనుమాన్’ 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్ విభాగంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది. యాక్షన్ దర్శకత్వానికి కూడా పురస్కారం పొందింది. 2025 సెప్టెంబరు 23న వాటిని అందజేసిన వేదిక ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్. కాబట్టి మన మిత్రుల మాటలకు ఈ ఊరు తగిన చోటే.

ప్రత్యక్షం: తొలి భాగంలో మనం చూసింది ఏమిటి?

రెండో భాగం గురించి వాదించేవాళ్లు తొలి భాగాన్ని సరిగా గుర్తుపెట్టుకోరు. ఇది మొదటి లోపం. కనుక చూసినదాన్ని ముందు వరుసగా పేర్చుకుందాం.

ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో వచ్చిన ‘హనుమాన్’ 2024 జనవరి 12న, సంక్రాంతి పండుగకు విడుదలైంది. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో చిల్లర దొంగతనాలు చేసుకు తిరిగే హనుమంతు అనే కుర్రవాడు కథానాయకుడు. ఆ పాత్ర తేజ సజ్జా వేశారు. హనుమంతుడి రక్తబిందువు నుంచి పుట్టిన మణి దొరకడంతో అతనికి అపారమైన బలం వస్తుంది. అయితే ఆ బలానికి ఒక హద్దు ఉంది. సూర్యకాంతి ఉన్నంతసేపే మణి పనిచేస్తుంది.

ఇక ప్రతినాయకుణ్ణి గమనించండి. మైఖేల్ చిన్నప్పటి నుంచి సూపర్ హీరోల పిచ్చి ఉన్నవాడు. సూపర్ హీరోలకు తల్లిదండ్రులు ఉండరని లెక్కవేసి, తన తల్లిదండ్రులనే చంపుకుంటాడు. పెద్దయ్యాక యంత్రాల సాయంతో బలం సంపాదిస్తాడు. అంటే ఈ సినిమాలో విలన్ ఒక వీరాభిమాని! హీరోల కథలన్నీ చదివినా, హీరో అంటే ఏమిటో తెలియనివాడు. బలం ఇద్దరికీ వచ్చింది. దాన్ని దేనికి వాడారన్నదే ఇద్దరినీ వేరుచేసింది. సినిమా చివర హిమాలయాల్లో ఉన్న హనుమంతుడు మేల్కొంటాడు. ఆయన రాముడికి ఇచ్చిన మాట ఏమిటన్న ప్రశ్నతో, దానికి జవాబు ‘జై హనుమాన్’లో ఉంటుందన్న ప్రకటనతో కథ ఆగుతుంది.

ఇది ప్రత్యక్షం. దీని మీద వాదన వస్తే సినిమా మళ్లీ చూస్తే సరిపోతుంది. గొంతు పెంచనవసరం లేదు.

అనుమానం: చూసినదాని నుంచి ఏమి ఊహించవచ్చు?

మొదటి మిత్రుడి ప్రశ్న ఇక్కడికి చెందుతుంది. ఓటమి లేని హీరోకు కథ ఎలా కుదురుతుంది? ఇది మంచి ప్రశ్న. సూపర్ హీరో కథలు రాసేవాళ్లంతా ఎదుర్కొన్న చిక్కు ఇది. సూపర్‌మ్యాన్‌కు క్రిప్టోనైట్ అనే బలహీనత పెట్టింది అందుకే. తొలి భాగంలో మణికి సూర్యకాంతి హద్దు పెట్టిందీ అందుకే. బలానికి అంచు ఉంటేనే ప్రేక్షకుడికి భయం ఉంటుంది, భయం ఉంటేనే ఆశ ఉంటుంది.

మరి హనుమంతుడికి హద్దు ఎక్కడ? రామాయణం తెలిసిన మీకు ఈ ప్రశ్నకు జవాబు దొరకాలి. బాల్యంలో చేసిన అల్లరికి మునులు శపించడంతో హనుమంతుడు తన బలాన్ని తానే మరచిపోయాడు. కిష్కింధకాండ చివర, సముద్రం ఒడ్డున వానరులంతా దిగులుగా కూర్చున్నప్పుడు జాంబవంతుడు గుర్తుచేస్తేగాని ఆయన లేవలేదు. సుందరకాండలో బ్రహ్మాస్త్రానికి కట్టుబడి రావణుడి సభకు వెళ్లడం కూడా అశక్తత వల్ల కాదు. బ్రహ్మ మీది గౌరవం ఒకటి, రావణుణ్ణి ఎదురుగా చూడాలన్న ఆలోచన ఒకటి ఆయన్ని ఆపాయి. అంటే హనుమంతుడికి హద్దు బలంలో లేదు. మరపులో ఉంది, ఇచ్చిన మాటలో ఉంది, తాను సేవించే ధర్మంలో ఉంది.

తొలి భాగం ‘మాట’ అన్న పదం దగ్గరే ఆగిందని పైన చూశాం. ఈ రెండింటినీ కలిపితే, రెండో భాగంలో సంఘర్షణ ఎవరు బలవంతుడన్నదాని మీద కాక, ఇచ్చిన మాట మీద నడవవచ్చునని ఊహించవచ్చు. ఇది ఊహే. తప్పు కావచ్చు. అయినా దీనికి ఆధారం చూపగలం, ఎదుటివాళ్లు ఆ ఆధారాన్ని పరిశీలించి కాదనగలరు. “నాకెందుకో అలా అనిపిస్తోంది” అన్న మాటకూ దీనికీ తేడా అదే.

ఉపమానం: పోలిక ఎంతవరకు నడుస్తుంది?

తెలిసిన సినిమాతో తెలియని సినిమాను పోల్చడం అభిమానులకు బాగా ఇష్టమైన పని. పోలిక మనకు చూపు ఇస్తుంది. జోస్యం మాత్రం చెప్పదు.

‘బాహుబలి’ తొలి భాగం 2015 జూలై 10న వచ్చింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేవరకు దేశమంతా తిరిగింది. ప్రశ్నతో కథ ఆపితే ఎదురుచూపు పెరుగుతుందని ఈ పోలిక చెబుతుంది. అంతే. రెండో భాగం బాగుంటుందని మాత్రం చెప్పదు.

రెండో భాగంలో హీరో మారడం తప్పు అని వాదించేవాళ్లు హిందీ సినిమాల వైపు చూడాలి. 2003లో వచ్చిన ‘కోయీ మిల్ గయా’లో రోహిత్ కథానాయకుడు. 2006లో వచ్చిన ‘క్రిష్’లో అతని కొడుకు కథానాయకుడు అయ్యాడు. ఒక సిరీస్‌లో కథ ఒకరి చేతి నుంచి మరొకరికి వెళ్లడం కొత్త కాదు.

కన్నడ నటుడెందుకన్న రెండో మిత్రుడి ప్రశ్నను కూడా పోలికతోనే పరీక్షిద్దాం. ‘జై హనుమాన్’లో హనుమంతుడి పాత్రను రిషబ్ శెట్టి వేస్తారని 2024 అక్టోబరు 30న ప్రకటించారు. తెలుగు ప్రేక్షకులకు హనుమంతుడంటే ఒక తరంలో అర్జా జనార్దనరావు గుర్తు. మరో తరానికి 1987-88లో దూరదర్శన్ ‘రామాయణం’లో కనిపించిన దారా సింగ్ గుర్తు. ఆయన పంజాబీ మల్లయోధుడు. ఆయన ఏ రాష్ట్రం వాడని మన అమ్మమ్మలెవరూ అడగలేదు, ఆదివారం ఉదయం టీవీకి దండం పెట్టారు. కాబట్టి నటుడి భాష వల్లనే పాత్ర చెడుతుందన్న వాదన నిలవదు. ఆయన ఆ పాత్రను ఎలా చేస్తారన్నది సినిమా చూశాకే తేలాలి.

ఇంకో పోలిక కూడా గుర్తుంచుకోండి. ‘హనుమాన్’ను తెలుగులో మొట్టమొదటి సూపర్ హీరో సినిమా అని ఎవరైనా అంటే తొందరపడి తల ఊపకండి. 1980లోనే ఎన్.టి. రామారావు ‘సూపర్‌మ్యాన్’గా నటించారు. అందులోనూ హీరోకు శక్తి వచ్చేది ఆంజనేయుడి అనుగ్రహం వల్లనే!

శబ్దం: ఎవరి మాట నమ్మాలి?

శబ్దప్రమాణానికి ఒక షరతు ఉంది. చెప్పేవాడు విషయం తెలిసినవాడు, ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడు కావాలి. సినిమా విషయంలో దర్శకుడు, నిర్మాణ సంస్థ చెప్పినవి ఈ కోవలోకి వస్తాయి. “లోపల పనిచేసేవాడు చెప్పాడట” అన్నది రాదు. అభిమానులే సరదాగా తయారుచేసిన ట్రైలర్లు, పోస్టర్లు ఇప్పుడు అసలువాటిలాగే కనిపిస్తున్నాయి. కాబట్టి ఏది చూసినా, ఇది ఎవరు విడుదల చేశారన్న ప్రశ్న ముందు వేసుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అధికారిక ప్రకటన కూడా ఉద్దేశాన్నే చెబుతుంది, భవిష్యత్తును కాదు. ‘జై హనుమాన్’ 2025లో వస్తుందని మొదట ప్రకటించారు. ఆ ఏడాది అది రాలేదు. ప్రకటించినవాళ్లు అబద్ధం చెప్పారని దీని అర్థం కాదు. అప్పటి ఆలోచన అది. ‘శక్తిమాన్’ను సినిమాగా తీస్తామని సోనీ పిక్చర్స్ 2022 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు కూడా, ఆ పాత్ర ఎవరు వేయాలన్న వాదన కథ గురించి ఏమీ తెలియకముందే ఊపందుకుంది.

ప్రమాణాలకు అందని ప్రశ్నలు

ఇప్పుడు మూడో మిత్రుడి మాటకు వద్దాం. దేవుణ్ణి సూపర్ హీరో అనవచ్చా? ఈ ప్రశ్న పై నాలుగింటిలో దేనితోనూ తేలదు. ఇది తెలియడం తెలియకపోవడం గురించిన ప్రశ్న కాదు, విలువల గురించిన ప్రశ్న.

ఆ ఘాజియాబాద్ కుర్రవాడు బ్లూ లైన్ మెట్రోలో వస్తుంటే ఝండేవాలాన్ దగ్గర 108 అడుగుల హనుమంతుడి విగ్రహం కనిపిస్తుంది. ఆయన అతనికి పాత్ర కాదు, మొక్కుకునే దైవం. పక్కన నిలబడ్డ మిత్రుడికి ఆయన గొప్ప కథలోని గొప్ప పాత్ర కావచ్చు. ఇద్దరూ ఒకే సినిమాకు, ఒకే వరుసలో కూర్చుంటారు. తీసేవాళ్లకు ఇద్దరూ ప్రేక్షకులే. ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో 2023 జూన్ 16న విడుదలైన ‘ఆదిపురుష్’ చూపింది. హనుమంతుడి నోట పలికించిన కొన్ని మాటల మీద తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. చివరకు సినిమా నడుస్తుండగానే ఆ మాటలను మార్చారు.

అయితే ప్రేక్షకుడికి ఉన్న హక్కు ఎంత? చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాత. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మన దేశంలో సినిమా మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అంజనాద్రి హనుమంతు పాత్రను ఇంకొకరు తీసుకుని సినిమా తీయలేరు. రామాయణంలోని హనుమంతుడి మీద మాత్రం ఎవరికీ కాపీరైట్ లేదు. మీరు కూడా రేపు ఆయన కథ రాయవచ్చు. కాబట్టి “మా హనుమంతుణ్ణి ఇలా చూపిస్తారా” అనడానికి భక్తుడికి నోరు ఉంది. “నాకు తోచినట్లు చెబుతాను” అనడానికి కళాకారుడికీ నోరు ఉంది. ఈ రెండింటిలో ఒకటి గెలిచి రెండోది ఓడవలసిన పని లేదు. రెండూ వినబడే చోటు ఉండాలి, అంతే.

గట్టిగా అరిచినవాళ్లే ఎక్కువమందా?

అభిమానుల కోరిక ప్రకారం కథ నడిస్తే ఎలా ఉంటుందో ఒకసారి నిజంగానే పరీక్షించారు. 1988లో అమెరికాలో డీసీ కామిక్స్ సంస్థ, బ్యాట్‌మ్యాన్ సహచరుడు రాబిన్ బతకాలా చావాలా తేల్చమని పాఠకులకు రెండు ఫోన్ నంబర్లు ఇచ్చింది. చావాలని 5,343 కాల్స్, బతకాలని 5,271 కాల్స్ వచ్చాయి. తేడా 72. రాబిన్ చనిపోయాడు. కానీ ఒకే మనిషి ఎన్నిసార్లయినా ఫోన్ చేయవచ్చు. అది లెక్కపెట్టింది కాల్స్‌ను, మనుషులను కాదు. 72 కాల్స్ తేడా పాఠకలోకం అభిప్రాయమని ఎవరు చెప్పగలరు? “ఫ్యాన్స్ అందరూ ఇదే అంటున్నారు” అని ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్క గుర్తుచేసుకోండి.

మళ్లీ ఆ గుంపు దగ్గరికి

ఇప్పుడు మన ముగ్గురు మిత్రులు ఎక్కడ తప్పారో మీకు అర్థమై ఉంటుంది. ఒకడు అనుమానంతో తేలే ప్రశ్న వేశాడు. ఇంకొకడు పోలికతో పరీక్షించవలసిన మాట అన్నాడు. మూడోవాడు విలువల గురించి అడిగాడు. మూడు వేర్వేరు ప్రశ్నలకు ఒకే వాదనలో జవాబు వెతికారు. అందుకే ఎవరి మాటా ఎవరికీ తగలలేదు. “నువ్వు అడుగుతున్నది కథ గురించా, నటుడి గురించా, భక్తి గురించా?” అని ఒక్కరు అడిగి ఉంటే ముఖాలు ముడుచుకునే అవసరం వచ్చేది కాదు. విలువల దగ్గర ముగ్గురూ ఏకీభవించకపోయినా, ఎందుకు ఏకీభవించడం లేదో తెలిసి ఉండేది.

తొలి భాగంలో మైఖేల్‌ను మరచిపోకండి. హీరోలను ప్రేమించడం ఒక్కటే మనిషిని మంచివాణ్ణి చేయదని ఆ పాత్ర చెబుతుంది. మన హీరో కోసం పక్కవాణ్ణి తిట్టే అభిమాని కొంచెం మైఖేల్ దారిలో నడుస్తున్నట్టే. రెండో భాగం బాగుండవచ్చు, బాగుండకపోవచ్చు. అది వచ్చిన రోజున చూడటానికి ఆ ముగ్గురూ కలిసి వెళ్లగలగాలి.

ఆలోచించండి

1. మీ మిత్రులతో ఈ మధ్య చేసిన ఒక సినిమా వాదనను గుర్తుచేసుకుని, అందులోని ప్రతి మాటా ఏ ప్రమాణం కిందకు వస్తుందో రాయండి. దేనికిందకూ రానివి ఎన్ని?

2. ఇంకా రాని ఒక సినిమా గురించి మీ ఊహను ఆధారంతో సహా ఐదు వాక్యాల్లో రాసి దాచుకోండి. సినిమా వచ్చాక తీసి చూడండి. ఊహ తప్పితే, తప్పింది ఆధారమా, దాని నుంచి మీరు వేసిన అడుగా?

3. మీరు ఒప్పుకోని పక్షం తరఫున, దాన్ని నమ్మేవాళ్లు “అవును, మా మాట ఇదే” అనేలా ఒక పేరా రాయండి. తర్వాతే మీ జవాబు రాయండి.